మా అత్త కందూరు

సెప్టెంబర్ 3, బుధవారం

ఈ డైరీ అగరబత్తీల షాపువాళ్ళు ఊరికే ఇచ్చింది. జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. ఈ రోజు రాయకపోతే ఎవరినో ఒకరిని కొట్టేలా ఉన్నాను, అందుకని తీశాను.

మా అత్తకు గర్భసంచిలో గడ్డ. ముక్క తీసి పరీక్షకు పంపితే రిపోర్టు మంచిగా రాలేదు. డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. "ఇప్పుడు సంచి తీసేస్తే సరిపోతుందమ్మా. ఇంకా పక్కకు పాకలేదు. ఒకటిన్నర నెల దాటిస్తే మాత్రం నేను పూచీ పడలేను." ఇంత మాట వింటే ఎవరైనా ఏం చేస్తారు? ఏడుస్తారు, లేకపోతే దేవుడా అంటారు. మా అత్త కదిరమ్మ కొంగు సర్దుకుని లేచి నిలబడింది. "ముందర కందూరు కావాల. బాబయ్య మొక్కు ఉండాది. అది తీరినాకే కత్తి" అంది.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

ఆ మొక్కు నిన్నా మొన్నటిదా! మా ఆయన పుట్టకముందుది. ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోతే, పుట్టినూరి చెరువుకట్ట మీద ఉన్న ఫకీరు బాబయ్య దర్గాకు పోయి, కొడుకు పుట్టి నిలిస్తే నీ పేరు పెడతా, పొట్టేలును కోయించి కందూరు చేసి పదిమందికి అన్నం పెడతా అని మొక్కుకుందట. కొడుకు పుట్టాడు, నిలిచాడు. పక్కీరప్ప అని పేరూ పెట్టింది. బళ్ళో మాత్రం జయప్రకాష్. ఆ కొడుక్కి పట్టుగూళ్ళ మార్కెట్లో ఉద్యోగం వచ్చింది, నాతో పెళ్ళయింది, పొట్ట వచ్చింది, బట్టతల వచ్చింది. కందూరు ఒక్కటే రాలేదు. మొదట చెరువులో నీళ్ళు లేవు, కందూరు అన్నం ఆ చెరువు నీళ్ళతోనే వండాలట. తర్వాత మామ పోయాడు. తర్వాత మగ్గం మీద చీరలు. తర్వాత మోకాళ్ళు. ఇన్నేళ్ళూ గుర్తురాని బాబయ్య సరిగ్గా డాక్టరమ్మ ముందర గుర్తొచ్చాడు.

ధర్మవరంలో ఒక్కతే ఉంటూ, నేసుకుంటూ, రక్తం గుడ్డలు ఎవరికీ కనబడకుండా ఉతుక్కుంటూ ఎన్నాళ్ళు దాచిందో. పక్కింటి సిద్దమ్మ ఫోన్ చేయకపోతే మాకు తెలిసేదే కాదు. హిందూపురంలో మా ఇంటికి లాక్కొచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

సెప్టెంబర్ 4, గురువారం

ఏం చేద్దాం అని ఈయనను అడిగాను. "అమ్మ ఇష్టం" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఈ రెండు మాటలు తప్ప మూడోది నేర్చుకోలేదు.

సెప్టెంబర్ 7, ఆదివారం

సెలవు రోజు కదా, దర్గాకు పోయి తారీకు అడుగుదాం అంటే ఈ రోజు గ్రహణమట. గ్రహణం రాత్రికి కదా, మనం పోయేది పగలు కదా అన్నాను. "గ్రహణం పొద్దు గ్రహణం పొద్దే" అని ఊరగాయ జాడీల మీద దర్భలు పెట్టుకుంటూ కూర్చుంది.

నాకేం? ఆమె ఒళ్ళు, ఆమె ఇష్టం.

సెప్టెంబర్ 11, గురువారం

ఫ్యాక్టరీలో లీవు అడిగితే మా మేనేజర్ చంద్రశేఖర్ విసుక్కున్నాడు. "మీ అత్తకు బాగాలేదా, నువ్వు దర్గాకు పోతాండావా? ఏదో ఒకటి చెప్పమ్మా సుమలతా." రెండూ ఒకటే సార్ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమయిందా, నేనేమన్నానో!

పెనుకొండ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. పెనుకొండ పెద్ద దర్గా కాదు, ఇది అత్త పుట్టినూరి దగ్గర చెరువుకట్ట మీద ఉండేది. నేను కోడలినై వచ్చినప్పటి నుంచి ఆ చెరువులో తుమ్మచెట్లూ పగుళ్ళూ తప్ప ఇంకేమీ చూడలేదు. ఈ రోజు కట్ట ఎక్కేసరికి ఎదురుగా నీళ్ళు. కంటికి ఆనినంత దూరం నీళ్ళే. దర్గా మెట్లను తాకుతున్నాయి. సున్నం వేసిన గుమ్మటం, పచ్చ జెండా ఆ నీళ్ళలో కదులుతున్నాయి. బొట్లు పెట్టుకున్న ఆడవాళ్ళు కొందరు తలమీద కొంగు కప్పుకుని గోరీ ముందర బిడ్డను పడుకోబెట్టారు. దర్గా చూసుకునే ముజావర్ పీరాంసాబ్ నెమలి ఈకల కట్టతో ఆ బిడ్డ తల నిమిరి, చక్కెర నాలుక మీద వేస్తున్నాడు. ఊదు పొగ వాసన, నీటి గాలి. చెప్పకూడదు గానీ ఒక్క నిమిషం అన్నీ మర్చిపోయాను.

ఒక్క నిమిషమే. మా అత్త మెట్లు దిగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని, తేరిపార చూసి, పారబోసింది.

"ఇవి మన నీళ్ళు గాదు."

"మనవి కాకపోతే ఎవరివి అత్తా?"

"కాలువ నీళ్ళు. కృష్ణ కాడ్నుంచి మోటార్లు పెట్టి ఎక్కించినారంట. నేను మొక్కింది వాన పడి, వాగు పారి నిండే నీళ్ళకు. ఈ నీళ్ళతో వండితే చెల్లదు. వానొచ్చినాక చూద్దాం, పా ఇంటికి."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! నాకు ఆ నీళ్ళలోనే దూకాలనిపించింది. మా మాటలు విని పీరాంసాబ్ మెట్ల మీదికి వచ్చాడు. ఆయన వయసు అత్త వయసే ఉంటుంది, చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళు.

"కదిరమ్మక్కా, నీళ్ళు యాడ్నుంచి వస్తే ఏముండాది? ఈ కట్టకు తగిలినాక అవి బాబయ్య నీళ్ళే. అంత దూరం నుంచి కృష్ణమ్మ కొండలెక్కి సామిని చూసేకి వచ్చింటే, నువ్వు పొమ్మంటావా?"

మా అత్త నోరు మూతపడటం నా కాపురంలో ఇదే మొదటిసారి. ఇదే అదను అనుకుని తారీకు అడిగాను. కందూరు గురువారమే చేయాలి. వచ్చే గురువారం మహాలయ పక్షాలు, పెద్దలకు పెట్టే రోజులు, కుదరదంది. ఆ పై గురువారం దసరా నవరాత్రులు, నీసు ముట్టనంది. ఆ పై గురువారం అక్టోబర్ రెండు. అది ఈమె అనలేదు, పీరాంసాబే అన్నాడు: "ఆ పొద్దు గాంధీ తాత పుట్టినరోజమ్మా, కత్తి పట్టకూడదని సర్కారు రూలు." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి అక్టోబర్ తొమ్మిది. ఆ తర్వాత వచ్చే సోమవారమే, పదమూడున ఆపరేషన్ పెట్టుకోవచ్చు.

మళ్ళీ మాట మార్చకుండా ఇప్పుడే సామి ముందర ఖాయం చేయండి అని నేనే పట్టుబట్టాను. పీరాంసాబ్ అత్తను గోరీ ముందర కూర్చోబెట్టి, చక్కెర పెట్టి ప్రార్థన చదివి సదివింపు చేసి, ఆమె కుడిచేతికి పచ్చ దారం కట్టాడు. "తారీకు దారం అక్కా ఇది. ఇంక జరిపేకి లేదు. జరిపితే సామితో పరాచికాలాడినట్ల."

తిరుగు బస్సులో నేను గెలిచినదానిలా కూర్చున్నాను. అత్త హిందూపురం దాకా దారం వైపే చూసుకుంటూ కూర్చుంది. అలిగింది. అలగనీ.

సెప్టెంబర్ 14, ఆదివారం

సంతలో పొట్టేలు. మొదటిదానికి చెవి చిల్లు, వద్దంది. రెండోది దగ్గింది, వద్దంది. మూడోది కొండలా ఉంది, ఏ వంకా లేదు. దాని ముందర కూర్చుని చాలాసేపు చూసి, "దీని కండ్లు చూడు మే, మీ మామ కండ్ల మాదిరే ఉండాయి. దీన్ని యాడ కోయిస్తావు?" అంది. పొట్టేలు ఆసామి ఈయనను పక్కకు పిలిచి, "ఏమప్పా, మీ అమ్మకు కావాల్సింది పొట్టేలా, పెండ్లికొడుకా?" అని అడిగాడు.

ఈయన ఏమన్నాడో రాయనక్కర్లేదు.

సాయంత్రానికి ఒక నల్ల పొట్టేలును నేనే ఖాయం చేశాను. ఆమె దాన్ని చూడనైనా చూడలేదు.

సెప్టెంబర్ 20, శనివారం

మళ్ళీ రక్తం. అడిగితే "బీట్రూటు తింటి గదా" అంది. ఇంట్లో బీట్రూటు తెచ్చి ఎన్నాళ్ళయిందో!

దుప్పటి రెండుసార్లు ఉతికాను. సర్ఫు కళ్ళలో పడింది, అంతే. నాకేం.

సెప్టెంబర్ 28, ఆదివారం

ధర్మవరం వెళ్ళొచ్చాం, నేనూ అత్తా. కందూరుకు పెద్ద గిన్నెలు అక్కడే ఉన్నాయని. గిన్నెలు అటకమీంచి దించుతుంటే లోపలి నుంచి మగ్గం చప్పుడు. వెళ్ళి చూస్తే గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తోంది! ఆ మనిషికి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి.

"లే అత్తా! ముందు లే. నువ్వు చస్తే ఆ చీర కట్టుకునేదెవరు?" అని అరిచాను. నోరు జారింది. జారాక ఏం లాభం?

పోగులు నడిపే నాడె పక్కన పెట్టింది. నేను అనుకున్నట్టు ఎదురు తిట్టలేదు.

"మీ మామ ఎట్ల పాయెనో నీకు తెలుసా మే?"

"గుండెపోటు."

"అది డాక్టరు రాసిండేది. కనగానపల్లి చేన్లో బోరు వేస్తే నీళ్ళు పడాలని బాబయ్యకు కందూరు మొక్కినాడు. పడినాయి. నాలుగేండ్లు జరిపి జరిపి, చేసినాడు. చెరువు ఎండిపోయింటే యాడ్నుంచో ట్యాంకరు తెచ్చి కట్ట మీద పోయించి మరీ చేసినాడు. కడుపునిండా తినె, చెయ్యి కడుక్కునె. 'కదిరీ, బాకీ తీరిపాయె, ఇంక నిమ్మళం' అనె. వారం తిరగలేదు. మా అమ్మా అంతే. కందూరు చేసె, పాయె. మొక్కు ఉన్నన్నాళ్ళూ సామి మనల్ని పోనీడు మే. ఆయన సొమ్ము మన కాడ ఉండాది గదా, కాసుకుంటాడు. తీరినాక మనతో ఆయనకేం పని?"

చెరువులో నీళ్ళు లేవు, మోకాళ్ళు, మగ్గం, గ్రహణం, కాలువ నీళ్ళు, మామ కళ్ళ పొట్టేలు. ఇన్నేళ్ళుగా నేను బద్ధకం అనుకున్నాను, మొండితనం అనుకున్నాను. ఈ మనిషి భయంతో కూర్చుంది.

"మరి ఆ రోజు డాక్టరమ్మ ముందర, ముందు కందూరు అని ఎందుకన్నావు?"

"కందూరు అంటే ఇంకో నాలుగేండ్లు జరుగుతాదిలే అనుకుంటి. ఎప్పుడూ జరుగుతానే ఉండె గదా! నువ్వు ఇట్ల ఎమ్మటపడి తారీకు కట్టిస్తావని నాకేం తెలుసు?"

"అయితే కందూరు ఆపేద్దాం. ముందు ఆపరేషన్, ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినప్పుడు కందూరు."

కుడిచెయ్యి చాచి దారం చూపించింది. "సామి ముందర కట్టినాక జరిపేకి లేదు. కట్టించింది నువ్వే."

నేను అరిచాను. ట్యాంకరు నీళ్ళతో గుండెపోటు రాదని, ఆమె అమ్మకు ఎనభై దాటాయని, బీడీలు తాగి తాగి మామ పోయాడని, బాబయ్యకు మనుషులను చంపడం తప్ప వేరే పనిలేదా అని. సిద్దమ్మ గోడ మీంచి తొంగి చూసింది. అంతా అయ్యాక అత్త, "గిన్నెలు దించినావా?" అని మాత్రం అడిగింది.

రైల్లో కిటికీ పక్కన కూర్చుంది. దసరా కదా, స్టేషన్లలో జనం. ఈమె లెక్కలో నేను కట్టించింది తారీకు కాదు, చావుకు ముహూర్తం. ఇంత తెలిసీ నాతో బస్సెక్కింది, నాతో సంతకొచ్చింది, నాతో గిన్నెలు దించించింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఎందుకు అనలేదు? అని ఉంటే నాకు సులువయ్యేది కదా!

సెప్టెంబర్ 30, మంగళవారం

పీరాంసాబ్‌కు ఫోన్ చేశాను. ఇట్లాంటివేవీ నమ్మని నేను. ఆ దారం విప్పడానికి ఏమన్నా దారుందా అని అడిగాను. "కందూరైనాక నేనే తెంపేస్తానమ్మా. అంతకు ముందర నేను ముట్టలేను. మా నాయనొచ్చినా ముట్టలేడు" అన్నాడు. ఎందుకమ్మా అని అడిగాడు. ఏం లేదులే అన్నాను.

అక్టోబర్ 2, గురువారం

పండగ. ఓళిగలు అత్తే చేసింది. పూర్ణం ఎంత గట్టిగా ఉండాలో, పిండి ఎంతసేపు నానాలో, ఎప్పుడూ చెప్పని మనిషి నన్ను పక్కన నిలబెట్టుకుని చెప్పింది. "నా తర్వాత మీకు చేసిపెట్టేదెవరు?" అంది. అట్లకాడ పొయ్యి పక్కన పడేసి బయటికొచ్చేశాను. ఓళిగ మాడిపోయింది. మాడనీ.

అక్టోబర్ 6, సోమవారం

ఆపరేషన్‌కు ముందు పరీక్షలన్నీ చేశారు. రక్తం ఫర్వాలేదు, గుండె ఫర్వాలేదు. బీపీ మాత్రం ఆకాశంలో ఉంది. మళ్ళీ చూశారు, అంతే. "ఇంత బీపీతో మత్తు ఇవ్వలేమమ్మా. మాత్రలు రాస్తాను. కానీ ఈమెకు ఇది భయం బీపీ. ధైర్యం చెప్పండి" అంది డాక్టరమ్మ. తగ్గకపోతే వాయిదా వేయాలట. వాయిదా అంటే మళ్ళీ మత్తు డాక్టరు ఎప్పుడు దొరుకుతాడో. ఆ లోపల గడ్డ కూర్చుని మన కోసం కాచుకుంటుందా?

ఈయన ఆసుపత్రి వరండాలో అమ్మ చెయ్యి పట్టుకుని, "భయపడాకమ్మా" అన్నాడు. అని తానే ఏడ్చాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇద్దరినీ ఆటో ఎక్కించింది నేను.

నాకేం అని ఈ డైరీలో ఎన్నిసార్లు రాశానో. అబద్ధం. ఈమె పోతే నేను పోట్లాడేది ఎవరితో?

అక్టోబర్ 9, గురువారం

కందూరు అయింది.

పొద్దున్నే చేరాం. ఆడబిడ్డ హేమలత అమరాపురం నుంచి సంసారంతో వచ్చింది. అత్త పుట్టినూరి వాళ్ళు ముప్పై నలభై మంది వచ్చారు. పీరాంసాబే పొట్టేలును కోశాడు. మగవాళ్ళు చెరువు నీళ్ళు మోశారు, కట్ట వెనక రాళ్ళు పేర్చి పొయ్యి పెట్టారు. కృష్ణా నీళ్ళే. అత్త ఈసారి వాటికి వంక పెట్టలేదు. సంగటి కెలికింది ఎవరు, మసాలా నూరింది ఎవరు, ఏదీ పట్టించుకోలేదు. ఉప్పు చూడు అత్తా అంటే, "మీకు సరిపోతే సరే" అంది. ఉప్పు దగ్గర ఊరుకునే మనిషా ఆమె!

పీరాంసాబ్ అన్నం, కూర గోరీ ముందర పెట్టి సదివింపు చేశాడు. అత్త కొంగు కప్పుకుని కళ్ళు మూసుకుంది. తర్వాత కట్ట మీద భోజనాల బంతులు వేశారు. వడ్డించే ముందర ఆయన అందరికీ వినబడేలా చెప్పాడు. "కడుపునిండా తినండప్పా, ఎంతైనా తినండి. కట్ట మీదనే తినాల. ముక్క గానీ మెతుకు గానీ కట్ట దిగకూడదు. మిగిలితే చేపలకు. గిన్నెలు గూడా ఈడనే కడగాల. దిగిందా, కందూరు చెల్లదు, మళ్ళీ మొదట్నుంచి చేయాల."

మొక్కినవాళ్ళు ఆఖరున తినాలి. అందరూ లేచాక అత్త ఒక్కతే విస్తరి ముందర కూర్చుంది. కొడుకు వడ్డించాడు. నెమ్మదిగా, ఒక్కొక్క ముద్ద, మెతుకు వదలకుండా తింది. మెట్లు దిగి చెరువులో చెయ్యి కడుక్కుంది. పీరాంసాబ్ పళ్ళతో దారం కొరికి తీసేశాడు.

ఆ తర్వాత ఆమె మమ్మల్ని చూసింది. ఒక్కొక్కరినీ. హేమలతను, హేమలత పిల్లలను, ఈయనను, నన్ను. రైలెక్కిన మనిషి స్టేషన్లో ఉండిపోయినవాళ్ళను చూసినట్టు. చెవి కమ్మలు తీసి హేమలత చేతిలో పెట్టింది. హేమలత "వీటిని కడగాలా అమ్మా?" అని అడిగింది, పిచ్చిది. "ఊ, కడుగు" అంది అత్త.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. బాబయ్య మీదా, మామ మీదా, ఆ దారం అడిగి కట్టించిన నా మీదా. అందరూ చాపలు చుట్టేస్తున్నారు. పొద్దున ఇంటి నుంచి ఇడ్లీలు తెచ్చుకున్న క్యారియర్ కడిగి కట్ట మీద బోర్లించి ఉంది. అడుగున కొంచెం కూర ఉన్న గిన్నెను చేపలకు వెయ్యడానికి నేనే మెట్ల దగ్గరికి తీసుకుపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వెనక పెట్టవచ్చు కదా అన్నాడు ఈయన. పెట్టలేదు.

అక్టోబర్ 10, శుక్రవారం

ఫ్రిజ్‌లో ఉంది, నీళ్ళ సీసాల వెనక. కోపమొస్తే నా మీద రానీ సామీ. ఆమె మీద వద్దు.

అక్టోబర్ 13, సోమవారం

వరండాలో కూర్చుని రాస్తున్నాను. లోపలికి తీసుకుపోయి చాలాసేపయింది.

పొద్దున మళ్ళీ బీపీ చూశారు. మాత్రలు వేసినా దిగలేదు. మత్తు డాక్టరు పెదవి విరిచాడు. గంట చూస్తాను, తగ్గకపోతే ఈ రోజు వద్దు అన్నాడు. అత్త పచ్చ గౌనులో స్ట్రెచర్ మీద పడుకుని పైకప్పు చూస్తోంది. కమ్మలు లేని చెవులు. ఈయన కాళ్ళ దగ్గర నిలబడి, ఆమెకు ధైర్యం చెప్పాల్సింది పోయి, తానే కళ్ళు తుడుచుకుంటున్నాడు. అత్త చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డ. "ఓళిగ పిండిలో రవ్వంత నూనె ఎక్కువ పెట్టు మే" అంది నాతో. అదే ఆఖరి మాట అన్నట్టు.

ఇంక నావల్ల కాలేదు. చెవి దగ్గర వంగి చెప్పాను.

"అత్తా, కందూరు చెల్లలేదు."

"ఏందీ?"

"చెల్లలేదు. కట్ట మీంచి ముక్క దిగింది. నా క్యారియర్లో వచ్చింది. ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంది."

స్ట్రెచర్ మీద లేచి కూర్చుంది! నర్సు పరిగెత్తుకొచ్చింది.

"ఓసి నీ మొగం మండ! ఇన్నేండ్లకు ఒక కందూరు చేస్తే మైల చేస్తివా? ఆ పీరాంసాబు అంత గట్టిగా అరిసి చెప్పె గదా, నీ చెవుల్లో ఏం పెట్టుకోనుంటివి? పొట్టేలు పాయె, బియ్యం పాయె, ఊరంతా వచ్చి తిని పాయె! మళ్ళీ మొదట్నుంచి చేయాల్నంట! యాడ్నుంచి తేవాల? ఎవురు చేయాల?"

"నువ్వే చేయాలి. మొక్కింది నువ్వే కదా."

నర్సు నన్ను పక్కకు నెట్టింది. పేషెంటుతో పోట్లాడటానికి ఇదా సమయం అని తిట్టింది. బీపీ యంత్రం కూతలు పెట్టింది. ఈయన నన్ను చూసిన చూపు జన్మలో మర్చిపోను. అయిపోయింది, చేతులారా చెడగొట్టాను అనుకున్నాను.

అత్త మళ్ళీ పడుకుంది. కళ్ళు మూసుకుంది. ఏదో గొణుక్కుంటోంది. దగ్గరికి పోతే, "చెల్లలేదు... చెల్లలేదంట..." అంటోంది. తర్వాత పెద్ద నిట్టూర్పు వచ్చింది. భుజాలు దిగాయి. ఆ చెయ్యి పట్టుకునే ఉన్నాను నేను, నెమ్మదిగా వెచ్చబడటం నాకు తెలిసింది. గంట గడవకముందే మత్తు డాక్టరు వచ్చి చూసి, ఇంకోసారి చూసి, "పర్వాలేదు, తీసుకురండి" అన్నాడు. ఆయన మాత్ర పనిచేసిందనుకున్నాడు. అనుకోనీ.

తలుపు దాకా తోసుకుపోతుంటే తలెత్తి కొడుకును పిలిచింది. "పక్కీరా! పొట్టేలు పిల్లను చూసి పెట్టు. ఈసారి తెల్లది. మీ ఆడదాన్ని కట్ట మీదికి రానీయాకు."

అదీ మా అత్త.

అక్టోబర్ 13, సాయంత్రం

సంచి మొత్తం తీసేశారు. పక్కకు పాకలేదు. పాకలేదు. డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ నేనే అడిగాను.

అక్టోబర్ 16, గురువారం

నాతో మాట్లాడటం లేదు. నర్సుతో మాట్లాడుతుంది, ఊడ్చేమెతో మాట్లాడుతుంది, పక్క మంచం ఆమెకు నేను వినేలా నా గురించి చెబుతుంది. గంజి నేను తెస్తే మొగం తిప్పుకుని తాగుతుంది. లీవు పొడిగించమంటే చంద్రశేఖర్ ఫోన్లో అరిచాడు. ఇటు ఈమె మౌనం, అటు ఆయన అరుపులు. ఎవరి కోసం చేశానో ఇదంతా!

మూడు పూటలూ కడుపునిండా తింటోంది మాత్రం.

అక్టోబర్ 19, ఆదివారం

నిన్న ఇంటికి తెచ్చాం. హేమలత కమ్మలు తిరిగి ఇచ్చేసి పోయింది. ఈ పొద్దున కాఫీ ఇస్తే గ్లాసు అందుకుని, నా వైపు చూడకుండానే మొదలుపెట్టింది.

"ఆ పొద్దు క్యారియర్ కడిగింది నేను. కడిగి కట్ట మీద బోర్లించింది నేను. ముక్క దానంతట అది నడుసుకుంటా పోయి దాంట్లో పడుకునిందా?"

"లేదు."

"నువ్వే ఏసుకుంటివా?"

"నేనే."

కాఫీ ఊదుకుంది. వీధిలో పిల్లలు అప్పుడే టపాకాయలు పేలుస్తున్నారు. తిడుతుందని కాచుకున్నాను.

"సామి కోపం నీకు తగిలితే?"

"తగలనీ. నాకేం, పడుచుదాన్ని, తట్టుకుంటాను."

మళ్ళీ ఊదుకుంది. ఒక గుటక తాగింది.

"ఏం ముక్క?"

"చూసుకోలేదు అత్తా. ఎవరన్నా చూస్తారేమో అని భయంతో చేతికి దొరికింది వేసుకున్నాను. మెడ ఎముక."

"థూ!" గ్లాసు టక్కున కింద పెట్టింది. "తెచ్చేదే తెస్తివి, తొడ ముక్క తేకూడదా? నా పాణానికి మెడ ఎముకా మే!"

నాకు నవ్వు ఆగలేదు. ఆమె కూడా నవ్వబోయి, పొట్ట పట్టుకుని, "కుట్లు మే, కుట్లు లాగుతాండాయి, పో అవతలికి" అని నన్నే తిట్టింది.